జిర్కాన్ హాఫ్నియం: మడ్ ట్యాంక్ సరిగ్గానే వస్తోంది, టెమోరా మాత్రం ఎందుకు పైకి పోతోంది?

రాళ్లబాట · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది పీహెచ్‌డీ మూడో ఏడు. తూర్పు కనుమల చార్నొకైట్లలోంచి, భీమిలి తీరపు ఇసుకలోంచి ఏరిన జిర్కాన్ ఖనిజపు గింజల్లో హాఫ్నియం 176/177 ఐసోటోపుల నిష్పత్తి కొలుస్తున్నాను. లేజర్‌తో 50 మైక్రాన్ల గుంట తవ్వి, ఆ ధూళిని మల్టీ కలెక్టర్ ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి (ఐసోటోపులను బరువును బట్టి వేరుచేసి కొలిచే మెషిన్) పంపే పద్ధతి. మా క్యాంపస్‌లో ఆ మెషిన్ లేదు. వేరే ఊరి ల్యాబ్‌లో నాలుగు రోజుల స్లాట్ దొరికితే వెళ్లి చేసుకొచ్చాను.

నా స్టాండర్డ్‌ల (విలువ ముందే తెలిసిన, పోల్చి చూసుకునే జిర్కాన్ల) సగటులు ఇవి:

మడ్ ట్యాంక్: నాకు 0.282513, ప్రచురిత విలువ 0.282507
ప్లెషోవిట్సే: నాకు 0.282492, ప్రచురిత విలువ 0.282482
91500: నాకు 0.282326, ప్రచురిత విలువ 0.282306
టెమోరా-2: నాకు 0.282765, ప్రచురిత విలువ 0.282686

ఒక్కో గుంటకు అనిశ్చితి 0.000025 దాకా ఉంది. మొదటి మూడూ ఆ పరిధిలోనే ఉన్నాయి కాబట్టి టెమోరాను పక్కన పెట్టెయ్యమని సీనియర్లు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. టెమోరా మీద 14 గుంటలు కొట్టాను, 14 కూడా పైనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. థీసిస్‌లో ఒక చాప్టర్ మొత్తం ఈ అంకెల మీదే నిలబడి ఉంది.


ప్లాస్మా జ్యోతి · సోమవారం, రాత్రి 11:05

టెమోరాను పారెయ్యకండి. మీ నాలుగు స్టాండర్డ్‌లలో గట్టిగా మాట్లాడుతున్నది అదొక్కటే.

మీరు పెట్టిన వరుస మళ్లీ చూడండి. మడ్ ట్యాంక్ 6 ఎక్కువ, ప్లెషోవిట్సే 10 ఎక్కువ, 91500 20 ఎక్కువ, టెమోరా 79 ఎక్కువ (అన్నీ ఆరో దశాంశ స్థానంలో). ఒక్కటి కూడా కిందికి రాలేదు. యాదృచ్ఛికమైన తప్పయితే కొన్ని పైకి, కొన్ని కిందికి పోవాలి కదా.

ఇప్పుడు నాలుగింటికీ యిటెర్బియం 176 / హాఫ్నియం 177 ఎంతెంత ఉందో మీ షీట్‌లో చూసి చెప్పండి. సమాధానం అక్కడే ఉంటుందని నా నమ్మకం.


కొత్త విద్యార్థి · సోమవారం, రాత్రి 11:20

మేడమ్, హాఫ్నియం కొలిచేటప్పుడు యిటెర్బియం ఎందుకు అడుగుతున్నారు? నేను ఎమ్మెస్సీ రెండో ఏడు, తప్పుగా అనుకోకండి.


ప్లాస్మా జ్యోతి · మంగళవారం, ఉదయం 5:50

తప్పేముంది, అడగాల్సిన ప్రశ్నే. మెషిన్‌కు మూలకం పేరు తెలీదు, బరువు మాత్రమే తెలుసు. 176 దగ్గర మూడు మూలకాలు వచ్చి కూర్చుంటాయి: హాఫ్నియం, యిటెర్బియం, లుటీషియం. జిర్కాన్ పొడిని ఆసిడ్‌లో కరిగించి కాలమ్ గుండా పంపితే ఆ రెండింటినీ వేరు చేసి పారబోయొచ్చు. లేజర్ పద్ధతిలో ఆ అవకాశం లేదు. రాయిలో ఏముంటే అదంతా ఒకేసారి లోపలికొస్తుంది. అందుకని పక్కన 171, 173 దగ్గర కనిపించే యిటెర్బియంను కొలిచి, 176 మీద దాని వాటా ఎంతో లెక్కకట్టి తీసేస్తాం. లుటీషియంను 175 దగ్గర చూస్తాం. లుటీషియం 176/175 నిష్పత్తి 0.02655 దగ్గరే కాబట్టి దానితో పెద్దగా పేచీ ఉండదు. అసలు గొడవంతా యిటెర్బియంతోనే.

ఆ తీసివేత ఎంత సున్నితమో ఒక లెక్క చూడండి. యిటెర్బియం 176 / హాఫ్నియం 177 విలువ 0.04 అనుకుందాం. తీసివేతలో 0.1 శాతం తప్పు పడితే తేడా 0.00004. అంటే ఎప్సిలాన్ యూనిట్లలో (నిష్పత్తిలో పదివేలలో ఒక వంతు తేడా ఒక ఎప్సిలాన్) 1.4. మనం చెప్పే భూగర్భ కథలన్నీ రెండు మూడు ఎప్సిలాన్ల మీదే నడుస్తాయి.


రాళ్లబాట · మంగళవారం, ఉదయం 8:15

మేడమ్, చూశాను. సగటున మడ్ ట్యాంక్ 0.003, ప్లెషోవిట్సే 0.005, 91500 0.010, టెమోరా 0.040.

ఎక్కువ వచ్చినదాన్ని దీనికి ఎదురుగా గ్రాఫ్ వేస్తే నాలుగు చుక్కలూ ఒకే గీత మీద పడ్డాయి. వాలు 0.002. చూడగానే చేతులు చల్లబడ్డాయి.


ప్లాస్మా జ్యోతి · మంగళవారం, ఉదయం 8:40

అంటే మీరు తీసెయ్యాల్సిన యిటెర్బియంలో 0.2 శాతం మిగిలిపోతోంది. టెమోరాలో యిటెర్బియం ఎక్కువ కాబట్టి బయటపడింది. మడ్ ట్యాంక్ కార్బొనటైట్‌లో (కార్బొనేట్ శిలాద్రవపు రాతిలో) పెరిగిన జిర్కాన్, అందులో యిటెర్బియం బాగా తక్కువ. తప్పు దాంట్లోనూ ఉంది, కనిపించదంతే. మడ్ ట్యాంక్ సరిగ్గా వచ్చిందంటే మీ హాఫ్నియం కొలత బాగుందని అర్థం. తీసివేత బాగుందా లేదా అన్నది ఆ రాయి చెప్పలేదు.

మీ డేటా షీట్‌లో యిటెర్బియం మాస్ బయాస్ బీటా (బరువును బట్టి మెషిన్ చూపే పక్షపాతాన్ని సరిదిద్దే అంకె) ఎక్కణ్నుంచి వస్తోంది? 173/171 నుంచా, హాఫ్నియం బీటానే దీనికీ వాడేశారా?


రాళ్లబాట · మంగళవారం, ఉదయం 9:02

షీట్ నాది కాదు, ల్యాబ్‌లో చేతులు మారుతూ వచ్చిన ఎక్సెల్. ఇప్పుడే ఫార్ములా తెరిచి చూశాను. యిటెర్బియం బీటా గడిలో "= హాఫ్నియం బీటా" అని ఉంది.


ప్లాస్మా జ్యోతి · మంగళవారం, ఉదయం 9:10

దొరికింది.

ఈ మెషిన్లు బరువైన ఐసోటోపును కాస్త ఎక్కువగా లోపలికి పంపుతాయి. ఒక మాస్ యూనిట్‌కు సుమారు ఒక శాతం అనుకోండి. 173 నుంచి 176కు మూడు యూనిట్లు, అంటే మూడు శాతం. రెండు మూలకాలకూ ఆ పక్షపాతం కచ్చితంగా ఒకేలా ఉండదు. బీటాల మధ్య ఆరు శాతం తేడా ఉంటే చాలు, మూడు శాతంలో ఆరు శాతం దాదాపు 0.2 శాతం. మీ గీత వాలుకు సరిపోయింది.

అలాగని ప్రతి గుంటలోనూ 173/171 నుంచే బీటా తీసుకోకండి. మడ్ ట్యాంక్ లాంటి వాటిలో యిటెర్బియం సిగ్నల్ ఎంత చిన్నదంటే, అక్కడి 173/171 గాలివాటంగా ఊగుతుంది. టెమోరా గుంటలు 14 ఉన్నాయి కదా, వాటిలో యిటెర్బియం బీటా, హాఫ్నియం బీటాల నిష్పత్తి సగటు తీయండి. ఆ సెషన్ అంతటికీ ఆ నిష్పత్తినే వాడండి. పరిశోధనా పత్రాల్లో యిటెర్బియం 176/173 సహజ విలువ కూడా 0.79 దగ్గర ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. ఏది వాడారో థీసిస్‌లో తప్పకుండా రాయండి.


గని మేస్త్రి · మంగళవారం, మధ్యాహ్నం 1:30

చర్చ చదువుతుంటే సంతోషం వేసింది. నేను ల్యాబ్ మనిషిని కాను, 31 ఏళ్లు గనుల్లో, క్యాంపుల్లో తిరిగినవాణ్ని. ఈ స్టాండర్డ్ రాళ్ల పుట్టిల్లు కూడా పిల్లలకు తెలియాలని రాస్తున్నాను.

91500 అనేది హార్వర్డ్ మ్యూజియంలో ఒక నమూనా నంబరు. కెనడాలో ఒంటారియోలోని కూల్ లేక్ దగ్గర దొరికిన ఒకే ఒక్క జిర్కాన్ స్ఫటికం అది, బరువు 238 గ్రాములు. వయసు 106.5 కోట్ల ఏళ్లు. 1995లో దాని కొలతలు ప్రచురించి, ముక్కలుగా ప్రపంచమంతా పంచారు. ఈనాడు ఏ దేశంలో జిర్కాన్ వయసు చెప్పినా ఆ పావుకిలో రాయితో పోల్చి చూసుకోవడం మామూలు. మడ్ ట్యాంక్ ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతానిది, 73.2 కోట్ల ఏళ్లు. ప్లెషోవిట్సే చెక్ దేశపు గ్రాన్యులైట్‌లోంచి, 33.7 కోట్ల ఏళ్లు. టెమోరా న్యూ సౌత్ వేల్స్‌లోని గాబ్రో-డయోరైట్‌లోంచి, 41.7 కోట్ల ఏళ్లు.

మా నాన్నగారికి కిరాణా కొట్టు ఉండేది. ఏటా తూనికలు కొలతల వాళ్లు వచ్చి తూకపు రాళ్లకు ముద్ర వేసి వెళ్లేవారు. అరిగిన కిలో రాయితో తూస్తే కొట్టులో ఉన్న ప్రతి సరుకూ తప్పే అవుతుందని నాన్న అనేవారు. మీ టెమోరా సంగతి చదువుతుంటే అది గుర్తొచ్చింది.


కొత్త విద్యార్థి · మంగళవారం, మధ్యాహ్నం 2:10

సార్, మరి మన భీమిలి, శ్రీకూర్మం ఇసుకలో జిర్కాన్ బోలెడుంది కదా. అందులోంచి మనమే ఒక స్టాండర్డ్ ఎందుకు తయారు చేసుకోకూడదు?


గని మేస్త్రి · మంగళవారం, మధ్యాహ్నం 3:00

నాయనా, ఆలోచన మంచిదే, ఇసుక మాత్రం పనికిరాదు. తీరపు ఇసుకలో ఒక్కో గింజ ఒక్కో కొండ నుంచి కొట్టుకొచ్చినది. ఒకటి ఖొండలైట్‌ది, ఒకటి చార్నొకైట్‌ది, ఒకటి ఎక్కడో లోపలి గ్రానైట్‌ది. వయసూ వేరు, హాఫ్నియమూ వేరు. గుప్పెడు ఇసుక ఒక ఊరి జనాభా లాంటిది. స్టాండర్డ్‌కు ఒకే మనిషి కావాలి.

అందుకే వెదికేవాళ్లు రెండే రెండు చోట్ల చూస్తారు. ఒకటి, 91500 లాంటి పెద్ద స్ఫటికం. శ్రీలంక రత్నాల జిర్కాన్లను స్టాండర్డ్‌లుగా తీసుకున్నది ఇలాగే. రెండు, టెమోరా, ప్లెషోవిట్సే లాగా ఒకే రాతిలో ఒకే దఫాలో పెరిగి, మళ్లీ వేడికి లోనుకాని గింజలు. మన తూర్పు కనుమల రాళ్లు చాలాసార్లు ఉడికినవి. గింజ నడుమ ఒక వయసు, అంచున ఇంకో వయసు.


ప్లాస్మా జ్యోతి · మంగళవారం, సాయంత్రం 4:25

సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. పేరున్న స్టాండర్డ్‌లో కూడా ఎక్కడ కొట్టాలో చూసి కొట్టాలి. ప్లెషోవిట్సేలో కొన్ని గింజల్లో యురేనియం, థోరియం బాగా ఎక్కువున్న మచ్చలుంటాయి. బీఎస్ఈ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలో తెల్లగా మెరుస్తాయి. యురేనియం-సీసం వయసు తీసేవాళ్లు అక్కడ గుంట తవ్వకూడదు.

ఏకరూపత అనేది ఎంత ముక్కకు అన్నది ముఖ్యం. గ్రాము పొడి కరిగిస్తే ఒకేలా వచ్చిన రాయి, 50 మైక్రాన్ల గుంటలో ఒకేలా రావాలని లేదు.


డెల్టా · మంగళవారం, రాత్రి 10:15

జర్మనీ నుంచి. నేను ఇనుము, రాగి, మెగ్నీషియం ఐసోటోపుల పని చేస్తాను. ఏకరూపత మాట వచ్చింది కాబట్టి మెగ్నీషియం కథ చెప్పాలి. ఇది ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరూ వినాల్సినది.

మెగ్నీషియంకు ఒకప్పుడు సున్నా బిందువు (అందరూ తేడాలు లెక్కించే ఆధారం) అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ వారి ఎస్ఆర్ఎం 980. స్వచ్ఛమైన లోహపు రజను. పాత మెషిన్ల కాలంలో దానికి ఏ లోపమూ కనిపించలేదు. మల్టీ కలెక్టర్లు వచ్చి కొలత పదునెక్కాక, ఒక రజనుకూ ఇంకో రజనుకూ నిష్పత్తిలో తేడా ఉందని 2003లో బయటపడింది. అంటే ఒక్కో ల్యాబ్‌కు ఒక్కో సున్నా. ఆ పాత డేటాను ఒకదానితో ఒకటి పోల్చడమే కష్టమైపోయింది. అప్పుడు మృత సముద్రపు మెగ్నీషియం లోహాన్ని ఆసిడ్‌లో కరిగించి డీఎస్ఎం3 అనే ద్రావణం చేశారు. ద్రావణానికి ఉన్న గొప్పతనం, ఏ చుక్క తీసినా ఒకటే.

ద్రావణం సున్నా బిందువుకు సరిపోతుంది, రాతికి సరిపోదు. నేను ఆలివిన్ కొలిస్తే పక్కన ఆలివిన్ ఉండాలి. అరిజోనాలోని సాన్ కార్లోస్ ఆలివిన్‌ను ఎక్కువమంది వాడేది అందుకే. లేజర్ తగిలినప్పుడు గాజు ఒకలా ఆవిరవుతుంది, జిర్కాన్ ఒకలా, ఆలివిన్ ఒకలా. ఎన్ఐఎస్‌టీ 610 గాజు ఎంత చక్కగా ఏకరూపంగా ఉన్నా, దాన్ని పెట్టుకొని జిర్కాన్ యురేనియం-సీసం వయసు చెబితే ఆ వయసు పక్కకు జరిగిపోతుంది.


రాళ్లబాట · మంగళవారం, రాత్రి 10:50

డెల్టా గారూ, మరి ఆ డీఎస్ఎం3 అయిపోతే? మా ల్యాబ్‌లో 91500 ముక్క నిండుకోబోతోంది. రెసిన్ దిమ్మెలో ఆవగింజంత ముక్క ఉంది. మైక్రోస్కోప్ కింద చూస్తే జల్లెడలా ఉంది. కొత్త గుంటకు చోటు కోసం రెండు పాత గుంటల మధ్య సన్న గోడ వెదుక్కోవాల్సి వచ్చింది. పాలిష్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త పలచనవుతోంది.


డెల్టా · బుధవారం, ఉదయం 11:40

మా అందరి భయమూ అదే. రాగికి సున్నా బిందువైన ఎస్ఆర్ఎం 976 ఎప్పుడో అయిపోయింది. దాని స్థానంలో యూరప్ వారి ఏఈ633, ఏఈ647 వచ్చాయి. మొదటిది పాతదానికి దాదాపు సమానం. రెండోది 0.21 పర్ మిల్ (వెయ్యికి ఇంత అన్న లెక్క) పైన ఉంటుంది. కానీ పత్రాలు మాత్రం ఇప్పటికీ ఎస్ఆర్ఎం 976తో పోల్చిన డెల్టాలే (ఆధారం నుంచి తేడా చెప్పే అంకెలే) రాస్తాయి. ఇనుముకు ఐఆర్ఎంఎం-014 అయిపోతే 524ఏ వచ్చింది. జింకుకు లియోన్‌లోని జేఎంసీ సీసా అయిపోయింది. ఐఆర్ఎంఎం-3702 వాడితే 0.3 పర్ మిల్ దాకా సర్దుబాటు చేసుకోవాలి. ఆ సర్దుబాటు రాయని పత్రం చేతికొస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అంత కష్టపడి కొలిచి, దేనితో పోల్చారో చెప్పకపోతే ఆ అంకె ఇంకొకరికి అందదు.

నిల్వ ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికీ లేదు. లిథియం కార్బొనేట్ ఎల్-ఎస్‌వీఈసీ లిథియం ఐసోటోపుల ప్రమాణం. 2006లో దాన్నే కార్బన్ స్కేలుకు కూడా రెండో ఆధారంగా పెట్టారు. సీసాలో అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో చర్య జరిపి కార్బన్ నిష్పత్తి జరుగుతోందని తర్వాత తేలి, ఆ పని నుంచి తప్పించారు. లిథియం నిష్పత్తికి ఏమీ కాలేదు. ఒకే సీసా, ఒక మూలకానికి నమ్మకస్తురాలు, ఇంకోదానికి కాదు.


సీసం లెక్కలు · బుధవారం, సాయంత్రం 6:20

నేను పురావస్తు వైపు మనిషిని. పెద్దబంకూరు, కోటిలింగాల లాంటి చోట్ల దొరికిన శాతవాహనుల సీసపు నాణేల మీద నాకు మక్కువ. ఆ సీసం ఎక్కడి గనిది అన్న ప్రశ్నకు ఐసోటోపులే దారి. గెలీనాలో (సీసపు ఖనిజంలో) యురేనియం ఉండదు కాబట్టి, ఖనిజం ఏర్పడినప్పటి సీసం నిష్పత్తే ఇప్పటికీ ఉంటుంది. నాణెం కరిగించి పోసినా అది మారదు. వినుకొండ దగ్గర అగ్నిగుండాలలోని బండలమొట్టు గెలీనా ఒక వైపు, రాజస్థాన్ జావర్, ఆగుచా గెలీనా ఇంకో వైపు పెట్టి పోల్చాలి.

ఇక్కడ మాకు ఆధారం ఎస్ఆర్ఎం 981 సీసం. 208/206 నిష్పత్తి 2.1681, 207/206 నిష్పత్తి 0.91464 అని దాని సర్టిఫికెట్. తర్వాత డబుల్ స్పైక్ పద్ధతితో (నిష్పత్తి తెలిసిన రెండు ఐసోటోపులు కలిపి కొలవడం) ఇంకా పదునైన విలువలు వచ్చాయి. పాత పత్రంలోని గెలీనా అంకెనూ, కొత్త మెషిన్ మీది నాణెం అంకెనూ పక్కపక్కన పెట్టే ముందు, ఆ రెండు ల్యాబ్‌లూ 981కు ఏ విలువ తీసుకున్నాయో చూడాలి. చూడకుండా "ఇది ఆ గనిది కాదు" అని తేల్చేస్తే చరిత్రే పక్కదారి పడుతుంది.

స్ట్రాన్షియంలోనూ ఇదే. ఎస్ఆర్ఎం 987 సర్టిఫికెట్ మీద 87/86 విలువ 0.71034. ల్యాబ్‌లన్నీ సాధారణంగా పోల్చుకునేది 0.71025 దగ్గర. సర్టిఫికెట్ అనిశ్చితి 0.00026 కాబట్టి రెండింటికీ వైరుధ్యం లేదు. తెలియనివాళ్లు మాత్రం కంగారు పడతారు.


కొత్త విద్యార్థి · బుధవారం, రాత్రి 8:05

హైదరాబాద్‌లోనే బార్క్ (భాభా అణు పరిశోధనా కేంద్రం) వారి ఎన్‌సీసీసీఎం ల్యాబ్ బాక్సైట్ రిఫరెన్స్ మెటీరియల్ తయారు చేసిందని క్లాసులో చెప్పారు. అది ఐసోటోపులకు వాడొచ్చా సార్?


సీసం లెక్కలు · బుధవారం, రాత్రి 8:30

అవును తమ్ముడూ, బార్క్ బీ1201. మన ఊళ్లో చేసినదని గర్వంగా చెప్పుకోవచ్చు. కానీ అది అల్యూమినా, ఇనుము, సిలికా వగైరా ఎంత శాతం ఉన్నాయో చెప్పే ప్రమాణం. ఐసోటోపు నిష్పత్తి వేరే సంగతి. పొడి చేసేటప్పుడు మర యంత్రం నుంచి గోరంత సీసం కలిస్తే శాతాల లెక్కకు తేడా తెలియదు, సీసం ఐసోటోపు మాత్రం చెడుతుంది. అమెరికా వారి హవాయి బసాల్ట్ బీహెచ్‌వీఓ-2కు జరిగింది అదే. మిగతా ఎన్నో వాటికి మంచి ప్రమాణమే, సీసం దగ్గర మాత్రం ఒక సీసాకూ ఇంకో సీసాకూ పొసగదు. ఆసిడ్‌తో కడిగి వాడతారు.


ప్లాస్మా జ్యోతి · గురువారం, ఉదయం 6:15

రాళ్లబాట గారూ, లెక్క మళ్లీ కట్టారా? ఇంకో మాట. వీలైతే న్యూఫౌండ్‌లాండ్‌లోని మెమోరియల్ యూనివర్సిటీ వారు కృత్రిమంగా పెంచిన మన్ జిర్కాన్లు సంపాదించండి. అన్నిటిలోనూ ఒకే హాఫ్నియం, 0.282135. యిటెర్బియం మాత్రం ఒకదానిలో దాదాపు లేదు, ఇంకోదానిలో దండిగా ఉంటుంది. మీకు వచ్చిన ఇబ్బందిని పట్టుకోవడానికే చేసిన రాళ్లు అవి. అన్నీ ఒకే అంకె చూపిస్తే మీ తీసివేత సరైనదని గుండెల మీద చెయ్యేసుకొని చెప్పొచ్చు.


రాళ్లబాట · శుక్రవారం, రాత్రి 11:30

మూడు రోజులు కూర్చొని మొత్తం 212 గుంటలూ మళ్లీ లెక్కకట్టాను. టెమోరా గుంటల్లో యిటెర్బియం బీటా, హాఫ్నియం బీటాకన్నా సగటున 6 శాతం ఎక్కువ వచ్చింది. అది పెట్టాక:

మడ్ ట్యాంక్ 0.282508
ప్లెషోవిట్సే 0.282483
91500 0.282307
టెమోరా-2 0.282689

బీటా నిష్పత్తి టెమోరా నుంచే తీశాను కాబట్టి, అదే టెమోరాను సాక్ష్యంగా చూపితే సరిపోదని తెలుసు. అందుకే మన్ జిర్కాన్ల కోసం ఈ రోజే మెయిల్ పెట్టాను.

ఇప్పుడు అసలు విషయం చెప్పాలి. భీమిలి గింజల్లో 12 గింజలు మిగతావాటికన్నా ఐదారు ఎప్సిలాన్లు పైన ఉండేవి. భూప్రావారం (మాంటిల్) నుంచి తాజాగా వచ్చిన శిలాద్రవం అని, తూర్పు కనుమల చరిత్రలో అదొక కొత్త ఘట్టమని చాప్టర్‌లో ఆరు పేజీలు రాశాను. ఆ 12 గింజల్లో యిటెర్బియం నిష్పత్తి 0.08 దగ్గర ఉందని ఈ వారం దాకా నేను చూడనే లేదు. 0.08ని 0.002తో గుణిస్తే 0.00016, దాదాపు ఐదున్నర ఎప్సిలాన్లు. కొత్త లెక్కలో ఆ గింజలన్నీ మిగతావాటితో కలిసిపోయాయి. ఆ ఆరు పేజీలూ తీసేశాను. చాలా బాధపడ్డాను, కానీ పరీక్షకుల ముందు నిలబడి చెప్పాక తెలియడం కన్నా ఇది నయం.

షీట్‌లో ఆ గడి సరిచేసి ల్యాబ్‌కు పంపాను. అదే షీట్‌తో లెక్కకట్టినవాళ్లు ఇంకా ఐదుగురున్నారు, వాళ్లకూ చెప్పాను.


గని మేస్త్రి · శనివారం, ఉదయం 7:00

అమ్మా, తప్పుచేశామని ఒప్పుకొని అందరికీ చెప్పావు చూడు, నాకు చాలా నచ్చింది. ఆ 12 గింజల ఫొటోలు ఉంటే పెట్టు. యిటెర్బియం అంత ఎక్కువ ఎందుకు పట్టాయో, ఏ రాతిలో పెరిగాయో చూద్దాం. చార్నొకైట్‌లో గార్నెట్ కరిగిపోయే సమయంలో పెరిగిన జిర్కాన్ అయితే యిటెర్బియం ఎక్కువగానే ఉంటుంది.


రాళ్లబాట · శనివారం, ఉదయం 9:20

అలాగే సార్. ఫొటోలు సోమవారం ల్యాబ్‌కు వెళ్లాక పెడతాను. అంచులు లావుగా, గుండ్రంగా ఉన్న గింజలే ఆ 12లో ఎక్కువని గుర్తు.

టెమోరా-2 గింజలు ఎవరి దగ్గరైనా ఎక్కువగా ఉంటే ఒక పది పంపగలరా? వచ్చే స్లాట్‌లో ప్రతి పదో గుంటా దాని మీదే కొట్టాలనుకుంటున్నాను.


ప్లాస్మా జ్యోతి · శనివారం, మధ్యాహ్నం 12:45

నా దగ్గర ఉన్నాయి. పదిహేను పంపుతాను, అడ్రస్ మెసేజ్ చేయండి. దిమ్మెలో పెట్టేటప్పుడు మీ గింజల వరుస పక్కనే, అదే ఎత్తులో పెట్టండి.